జేబులోని కొయ్యపలక

పూర్వము మన పల్లెలలో పెద్దలు సంతకు బయలుదేరునపుడు, ఇంటివారు చెప్పిన పని మఱచిపోకుండుటకై ఉత్తరీయపు కొంగున ఒక ముడి వేసికొనెడివారు. ముడిని చూడగానే పని యున్నదని జ్ఞప్తికి వచ్చెడిది. ఆ పని యేమో మాత్రము ఒక్కొక్కప్పుడు జ్ఞప్తికి వచ్చెడిది కాదు! రెండు ముడులు వేసికొన్నవాని పాట్లు వేఱుగ చెప్పనక్కఱలేదు. షావుకారులు చిట్టాను, ఆవర్జాను నమ్ముకొనిరి. కరణములు తమ పద్దులను నమ్ముకొనిరి. పట్టణములలోని ఉద్యోగులు జేబులో ఇముడు చిన్న డైరీని కొని, దానిలో చిరునామాలను, రైలు వేళలను, తీర్పవలసిన బాకీలను వ్రాసికొనుచుండిరి.

కాగితపు డైరీ మంచి తోడు. దానికి విద్యుత్తు అక్కఱలేదు. క్రింద పడినను పగులదు. తెఱచిన వెంటనే కనబడును. ఐనను దానికి కొన్ని కొఱతలు కలవు. మిత్రుడు ఇల్లు మాఱినపుడు పాత చిరునామాను కొట్టివేసి, క్రొత్తదానిని మూలన ఇఱికించి వ్రాయవలెను. ఏడాది మాఱగానే అన్నిటిని క్రొత్త పుస్తకములోనికి ఎక్కించుకొనవలెను. అన్నిటికంటె పెద్ద కష్టము మఱియొకటి: అది బస్సులో జాఱిపోయినచో అందున్నది యావత్తు పోయినట్లే. దానికి రెండవ ప్రతి యుండదు.

ఈ కొఱతలను తీర్చుటకై ఇరువదవ శతాబ్దపు చివరి భాగమున చేతిలో ఇముడు ఎలక్ట్రానిక్ డైరీలు పుట్టినవి. వానిని ఆర్గనైజరులు అనిరి. ఇంగ్లండులోని సయాన్ అను సంస్థ 1984లో ఒక ఆర్గనైజరును వెలువరించెను. దాని తెరపై పదునాఱు అక్షరములు గల ఒక్క వరుస మాత్రమే కనబడుచుండెను. దాని జ్ఞాపకపు బిళ్ల నిండిపోయినపుడు ఆ స్థలమును మఱల ఖాళీ చేయవలెనన్న, బిళ్లను ఊడదీసి అతినీలలోహిత కాంతి క్రింద ఉంచవలసి వచ్చెడిది. ఐనను అది నూతన వస్తువు. జనులు ఆశ్చర్యముతో కొనిరి. అదే సంస్థ 1991లో సిరీస్ 3 అను మేలైన యంత్రమును చేసెను. దానికి చిన్న మీటల వరుసలు గలవు. కళ్లజోడు పెట్టెవలె తెఱచి, రెండు బొటనవ్రేళ్లతో వ్రాసికొనవచ్చును.

1992 జనవరిలో అమెరికాలోని లాస్ వెగాస్ నగరమున జరిగిన ప్రదర్శనలో ఆపిల్ సంస్థ అధిపతి జాన్ స్కల్లీ ఇట్టి యంత్రములకు పర్సనల్ డిజిటల్ అసిస్టెంట్ అని నామకరణము చేసెను. వ్యక్తికి అంటిపెట్టుకొని యుండు ఎలక్ట్రానిక్ సహాయకుడు అని దాని భావము. మఱుసటి యేడు ఆగస్టులో ఆపిల్ వారి న్యూటన్ యంత్రము బజారులోనికి వచ్చెను. వెల 699 డాలర్లు. దానికి మీటలు లేవు. తెరపై కలముతో మామూలుగ వ్రాసినచో ఆ వ్రాతను అదియే చదువుకొని అచ్చక్షరములుగ మార్చుకొనునని చెప్పిరి. జనులు ఎంతయో ఆశపడిరి. కాని ఆ సహాయకుడు యజమాని వ్రాసిన ఒక మాటను మఱియొక మాటగ చదువుచుండెను. తనకు తెలియని పదము వచ్చినపుడు తన నిఘంటువులోని మఱియొక పదమును తెచ్చి అతికించుచుండెను. పత్రికలలోని వ్యంగ్యచిత్రములకు ఇది చక్కని వస్తువైనది. తరువాతి కాలమున న్యూటన్ చాలవఱకు బాగుపడినది గాని, తొలినాడు వచ్చిన అపకీర్తి వదలలేదు. 1998 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థ దానిని మానివేసెను. పైగా ఆ యంత్రము పొడవు ఏడు అంగుళములకు మించినది. అది చొక్కా జేబులో పట్టదు. జేబులో పట్టని డైరీ ఇంట బల్లమీదనే యుండిపోవును. బల్లమీదనున్న డైరీ బజారులో ఎవనికి అక్కఱకు వచ్చును?

ఈ ప్రశ్నను గట్టిగ పట్టుకొన్నవాడు జెఫ్ హాకిన్స్. ఇతడు 1957లో జన్మించెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివెను. మనుష్యుని మెదడు ఏ విధముగ పనిచేయునో తెలిసికొనవలెనని ఇతనికి మొదటినుండియు తహతహ. ఆ తహతహ నేటికిని తీరలేదు. గ్రిడ్ అను సంస్థలో ఉద్యోగిగా నుండి, 1989లో కలముతో వ్రాయదగిన గ్రిడ్‌పాడ్ అను కంప్యూటరును రూపొందించెను. అది సుమారు రెండు కిలోల బరువు. దానిని వాడినవారు పలువురు ఇంకను చిన్నది యుండినచో తమ సొంత పనులకు కూడ ఉంచుకొందుమనిరట. 1992లో హాకిన్స్ పామ్ కంప్యూటింగ్ అను చిన్న సంస్థను స్థాపించెను. వ్యవహారము నడుపుటకు డోనా డుబిన్స్కీ అను నామె చేరెను. విక్రయముల సంగతి చూచుటకు ఎడ్ కాలిగన్ చేరెను.

వారి తొలి ప్రయత్నము విఫలమైనది. కాసియో, టాండీ మొదలగు పెద్ద సంస్థలతో కలిసి 1993లో జూమర్ అను యంత్రమును తెచ్చిరి. ఒక్కొక్క భాగస్వామి ఒక్కొక్క సదుపాయము కావలెనని పట్టుపట్టుటచే అది లావై, బరువై, మందగతి గలదై తయారైనది. పదిమంది వంటవారు చేరి తలయొక పిడికెడు ఉప్పు వేసిన పులుసువలె నైనది. కొనినవారు తక్కువ. ఐతే పామ్ వారు ఒక మంచిపని చేసిరి. కొనినవారిని పిలిచి, దీనిని దేనికి వాడుచున్నారని అడిగిరి. వారిలో చాలమంది ఇంటనో, కచేరిలోనో బల్లపై కంప్యూటరు గలవారు. తమ కంప్యూటరులోని చిరునామాలు, తేదీలు ఈ చేతియంత్రములోనికి ఏ శ్రమయు లేకుండ రావలెనని వారి కోరిక. వారికి కావలసినది చిన్న కంప్యూటరు కాదు. కాగితపు డైరీకి బదులు మఱియొక డైరీ. పోటీ న్యూటన్‌తో కాదు, కాగితముతో నని హాకిన్స్‌కు తోచెను.

1994లో ఒకనాడు హాకిన్స్ ఇంట కారు నిలుపు కొట్టములో ఒక కొయ్యముక్కను తీసికొని, తన చొక్కా జేబులో పట్టునంత పరిమాణమునకు కోసెను. తెర ఉండవలసినచోట కాగితముపై గీచిన బొమ్మను అంటించెను. చీనావారు భోజనమునకు వాడు పుల్లనొకదానిని చివర చెక్కి కలముగ చేసికొనెను. యంత్రము సిద్ధమైనది! దానిలో తీగలు లేవు, బ్యాటరీలు లేవు, ప్రాణము లేదు. ఆ కొయ్యపలకను జేబులో వేసికొని అతడు కొన్ని వారములు తిరిగెను.

ఎవరైన వచ్చి, బుధవారము మీకు తీరిక గలదా యని అడిగినపుడు, అతడు జేబునుండి కొయ్యపలకను తీసి, పుల్లతో రెండు చోట్ల తాకి, తేదీ చూచినట్లు చూచి, ఉన్నదనియో లేదనియో చెప్పుచుండెను. ఫోను సంఖ్య కావలసినపుడు వెదకినట్లు వెదకుచుండెను. సభలలో కూర్చుండి పుల్లతో కొయ్యపై వ్రాయుచుండెను. పిల్లలు అగ్గిపెట్టెలను వరుసగ పేర్చి రైలుబండి యని ఆడుకొనుట అందఱు ఎఱిగినదే. నలువది యేండ్లకు చేరువైన ఇంజనీరు, జీతములీయవలసిన సంస్థ గలవాడు, అందఱి యెదుట అట్లే ఆడుకొనెను. చూచినవారు నవ్వియుందురు. కాని అతనికది ఆట కాదు. సంస్థలో సొమ్ము తఱుగుచుండెను. రెండవ యంత్రము కూడ విఫలమైనచో మూడవదానికి అవకాశము లేదు. ఆ యంత్రమునకై లక్షల డాలర్లు వెచ్చింపకముందే, అది తనకు దినమునకు ఎన్నిసార్లు అవసరమగునో, చేతిలో ఎట్లు కూర్చుండునో, ఏ మీట ఎక్కడ ఉండినచో బొటనవ్రేలికి అందునో కొయ్యముక్కయే అతనికి చెప్పినది. మీటల అమరిక నచ్చనపుడు మఱియొక కాగితమును అంటించుటతో సరి.

ఇట్లు నాలుగు నియమములు ఏర్పడినవి. యంత్రము చొక్కా జేబులో పట్టవలెను. బల్లపైనున్న కంప్యూటరుతో సులభముగ కలియవలెను. కాగితపు డైరీవలె ఆలస్యము లేకుండ తెఱచుకొనవలెను. వెల 299 డాలర్లకు మించరాదు. ఈ నాలుగింటికి అడ్డువచ్చు సదుపాయము ఎంత గొప్పదైనను దానిని విడిచిపెట్టిరి. వంటయింటిలో పోపులపెట్టె పొయ్యిప్రక్కనే యుండును; ఏడాదికి ఒకసారి వాడు గంగాళము అటకపై నుండును. గంగాళము కూడ అక్కఱకు వచ్చునదే గదా యని దానిని పొయ్యిప్రక్కకు తెచ్చినచో కాలు కదపుటకు చోటుండదు. పామ్ వారు తెరను ఈ పద్ధతిననే తీర్చిరి. క్రొత్త విషయమును వ్రాసికొనుట దినమునకు పదిసార్లుండు పని. కావున దాని మీట తెరపై ఎదుటనే యుంచిరి. చెఱిపివేయుట అరుదు, కావున దానిని లోపలి పట్టికలో దాచిరి. తేదీలు, చిరునామాలు, చేయవలసిన పనులు, చిత్తు వ్రాతలు అను నాలుగు పనులకు క్రిందిభాగమున నాలుగు నిజమైన మీటలు అమర్చిరి. యంత్రము నిద్రించుచున్నను వానిలో ఒకదానిని నొక్కినచో, తెర మేలుకొని తిన్నగ ఆ పుట కనబడును.

చేతివ్రాతను చదువుటలో న్యూటన్ పడిన పాట్లు హాకిన్స్ ఎఱుగును. యంత్రము మనుష్యుని వ్రాతను నేర్చుకొనుటకు బదులు, మనుష్యుడే యంత్రమునకై కొంచెము వ్రాత మార్చుకొనినచో ఏమని అతడు యోచించెను. అట్లు పుట్టినది గ్రాఫిటీ అను లిపి. అందు ఆంగ్లాక్షరములు దాదాపు అన్నియు కలము ఎత్తకుండ ఒకే గీతతో వ్రాయవలెను. ఏ అను అక్షరమునకు నడిమి అడ్డగీత లేదు. ఎఫ్ అను అక్షరమునకు క్రింది అడ్డగీత లేదు. ఒక గీత ముగిసినచో ఒక అక్షరము ముగిసినట్లే. యంత్రమునకు సందేహము కలుగదు. కొలది నిమిషముల సాధనతో ఎవరైనను దీనిని నేర్చుకొనగలిగిరి. ఒకే గీతతో అక్షరములు వ్రాయు పద్ధతిని జిరాక్స్ సంస్థ పరిశోధకులు అంతకుముందే కనిపెట్టియుండుటచే, 1997లో ఆ సంస్థ వ్యాజ్యము తెచ్చెను. అది పెక్కేండ్లు సాగినది. మన భాషకు మాత్రము ఈ ఉపాయము అంత సులభముగ ఒదుగదు. స్త్రీ అను ఒక్క అక్షరములోనే సకారము, తవత్తు, రవత్తు, గుడిదీర్ఘము చేరియున్నవి. కలము ఎత్తకుండ దానిని వ్రాయుమన్నచో ఆరితేరిన లేఖకుడును చేతులెత్తును.

ఈ యంత్రమును తయారుచేయుటకు సొమ్ము పెట్టువారు చాలకాలము దొరకలేదు. న్యూటన్, జూమర్ రెండును విఫలమైన పిదప అందఱు వెనుకంజ వేసిరి. తుదకు 1995లో యు.ఎస్. రోబాటిక్స్ అను మోడెముల సంస్థ పామ్ సంస్థనే 44 మిలియను డాలర్లకు కొనెను. 1996లో పైలట్ 1000, పైలట్ 5000 అను రెండు యంత్రములు వెలువడినవి. మొదటిదాని వెల 299 డాలర్లు, రెండవదాని వెల 369. వాని జ్ఞాపకశక్తి క్రమముగ 128, 512 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అది చాలదు. కాని చిరునామాలకు, తేదీలకు పుష్కలముగ చాలినది. తెరకు రంగులు లేవు, చీకటిలో వెలుగదు. రెండు సన్నని బ్యాటరీలు వేసినచో వారముల తరబడి పనిచేయును. జనులు రంగులు లేవని చింతింపలేదు. ఒకటిన్నర సంవత్సరములలో పది లక్షలకు పైగా అమ్ముడైనవి. కాగితమునకు పోటీగ పుట్టిన యంత్రమునకు, కలములు చేయు పైలట్ సంస్థయే పేరు విషయమున అభ్యంతరము తెలుపుట ఒక వినోదము. ఆ తగవు ఫలితముగ 1998 నాటి యంత్రమునుండి పైలట్ అను మాట తొలగిపోయెను.

పైలట్‌తోబాటు ఒక చిన్న పీఠము వచ్చెడిది. దానిని తీగతో బల్లపైని కంప్యూటరునకు తగిలించి యుంచవలెను. సాయంకాలము ఇంటికి వచ్చి యంత్రమును ఆ పీఠముపై నిలిపి ఒక మీట నొక్కినచో, జేబులో వ్రాసినది కంప్యూటరునకును, కంప్యూటరులో వ్రాసినది జేబునకును చేరెడిది. ఇందలి మేలును తొలుత చాలమంది గ్రహింపలేదు. పైలట్ బ్యాటరీలు పూర్తిగ అయిపోయినచో దాని జ్ఞాపకము తుడుచుకొనిపోవును. కాగితపు డైరీని నీటిలో ముంచినంత పని. కాని ముందునాడు మీట నొక్కినవాడు క్రొత్త బ్యాటరీలు వేసి, పీఠముపై నిలిపి, అన్నిటిని తిరిగి పొందగలిగెను. యంత్రమే బస్సులో జాఱిపోయినను క్రొత్తది కొని నింపుకొనగలిగెను. మీట నొక్కుటకు బద్ధకించినవాడు మాత్రము లబోదిబో మనవలసివచ్చెను. రెండవ ప్రతి లేదన్న కాగితపు లోపమును తీర్చినది ఆ పీఠమే గాని, ఆ తెర కాదు.

ఆ రోజులలో ఇట్టి యంత్రమును కొనువాడు తన దినమెట్లు గడచుచున్నదో చూచుకొనక అంగడికి పోయినచో మోసపోయెడివాడు. దీర్ఘముగ వార్తలు వ్రాసి పంపవలసిన విలేఖరికి పైలట్ చాలదు; అక్షరమక్షరము పుల్లతో గీచి రెండు పుటలు వ్రాయుట శిక్ష. వానికి మీటలున్న సయాన్ మేలు. 1997లో వచ్చిన సిరీస్ 5 మీటలను టైపు తెలిసినవారు మెచ్చుకొనిరి. ఆసుపత్రిలో మంచమునుండి మంచమునకు తిరుగు వైద్యునకు ఒక చేతిలో ఇమిడి, ఒక మీటతో తెఱచుకొను పైలట్ వంటిదే తగును. 1999లో ఎపోక్రటీస్ అను మందుల వివరముల సంపుటి దానికి వచ్చిన తరువాత అమెరికాలోని యువవైద్యుల తెల్లకోటు జేబులలో అది సామాన్యమైనది. బల్లపై కంప్యూటరే లేనివానికి పీఠము దండుగ. ఇరువది చిరునామాలు, నెలకు నాలుగు పనులు గలవానికి యంత్రమే దండుగ. వానికి మూడు రూపాయల నోటుబుక్కు చాలును. అంగడివాడు చెప్పు గుణముల జాబితాలో ఈ మాట ఉండదు. అంగడిలోనే యంత్రమును చేతబట్టి, ఱేపటి పనినొకదానిని వ్రాసి, ఎన్ని తాకిళ్లు పట్టినవో లెక్కించి, జేబులోని డైరీలో అదే పనిని వ్రాసి పోల్చుకొన్న కొనుగోలుదారుడు తెలివిగలవాడు. అది కొయ్యపలక పరీక్షయే.

జేబు ఒకరిది కాక ఊరందఱిదియైనచో యంత్రము మఱియొక రీతిగ నుండవలెను. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులు, ఎన్‌కోర్ అను సంస్థ ఇంజనీరులు కలిసి సింప్యూటర్ అను చేతియంత్రమును తలపెట్టిరి. చదువురానివారికై అది భారతీయ భాషలలో పైకి చదివి వినిపించవలెను. ఒక్కొక్క గ్రామస్థుడు తన చిన్న కార్డును అందుంచి తన వివరములను చూచుకొని, కార్డును తీసికొనిపోవలెను, యంత్రము ఊరుమ్మడిది. ఆలోచన ఉదాత్తమైనది. భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తయారుచేయగా 2004లో అది విక్రయమునకు వచ్చినది. కాని తలచినంత అగ్గువగ రాలేదు, తలచినన్ని అమ్ముడుపోలేదు. అప్పటికే సెల్‌ఫోనులు పల్లెలలోనికి దిగుచుండెను.

ఆ సెల్‌ఫోనే పామ్ యంత్రములను కూడ మ్రింగివేసెను. హాకిన్స్, డుబిన్స్కీ, కాలిగన్ 1998లో పామ్‌ను విడిచి హాండ్‌స్ప్రింగ్ అను వేఱొక సంస్థను పెట్టి, 2002లో డైరీని ఫోనును కలిపిన ట్రియో అను యంత్రమును తెచ్చిరి. 2010లో హ్యూలెట్ పాకర్డ్ సంస్థ పామ్‌ను కొనెను. మఱుసటి యేడు ఆ వరుస యంత్రముల తయారీని నిలిపివేసెను. నేడు చేతిలో ఇముడు ప్రత్యేక డైరీయంత్రము అరుదు. తేదీల పట్టికయు, చిరునామాల పట్టికయు ప్రతి ఫోనులో నున్నవి. వానితోబాటు అటకపై నుండవలసిన గంగాళములు కూడ నున్నవి; తీరికయున్నదో లేదో చూచుకొనుటకు ఫోను తీసినవాడు అరగంట తరువాత తేదీ చూడకయే జేబులో పెట్టుకొనుటయు కలదు.

హాకిన్స్ పిమ్మట మెదడును గూర్చిన పరిశోధనలో దిగి, ఆ విషయమున గ్రంథములు వ్రాసెను. అతడు కోసిన కొయ్యపలక కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ పట్టణమున కంప్యూటరుల చరిత్ర ప్రదర్శనశాలలో భద్రపఱుపబడినది. ఆ ప్రదర్శనశాలలో గదులంత పెద్ద యంత్రములు, వేలకొలది తీగలు గల యంత్రములు కలవు. వానితోబాటు ఇదియు నొకటి. దీనికి మాత్రము తీగలు లేవు.